మెయిన్ దగ్గర మనిషి

నిలబడ్డం కూడా ఒక పనేనా అని ఎవరైనా మొహమ్మీదే అడిగితే చెప్పడానికి టెస్టర్ దగ్గర జవాబు ఎప్పట్నుంచో సిద్ధంగా ఉంది, కానీ అడిగే పుణ్యాత్ముడే దొరకడం లేదు, అందరూ చెప్పుల స్టాండుని దాటుకున్నట్టు అతన్ని దాటుకుని లోపలికి వెళ్ళిపోతారు. ఈ ఇంట్లోనూ అంతే. వీధి తలుపు పక్కన, గొడుగులు తగిలించిన మూలలో, గోడకి పాత చెక్క బోర్డు, దానిమీద ఇనప డబ్బాలాంటి మెయిన్ స్విచ్చి, దాని పిడి కిందికి దించి ఉంది, ఆ పిడిమీద అతని ఎడంచెయ్యి. కుడిచెయ్యి కూడా ఉంది, లేకపోవడమేం, చొక్కాలోంచి వేలాడుతూ ఉంది, దాని బొటనవేలికీ మిగతా వేళ్ళకీ మాటల్లేవు, అంతే. వెనక గదిలో అతని పెళ్ళాం నిచ్చెనెక్కి, సీలింగులో జంక్షన్ బాక్సు విప్పి, మాడిపోయిన వైర్లు కోసేసి కొత్త జాయింట్లు వేస్తోంది. ఆవిడ రెండు చేతుల్లోనూ ఇప్పుడు ఒట్టి రాగి. ఈ పిడి పైకి లేచిందంటే ఆవిడ ఇంటికి నడిచి రాదు. అందుకని ఇక్కడొక మనిషి కావాలి, ఆ మనిషి అతను. చొక్కా జేబులో ఎప్పుడూ టెస్టరు గుచ్చుకుని తిరిగేవాడని ఊరంతా కలిసి పెట్టిన పేరు టెస్టర్, ఆ టెస్టరు ఇప్పటికీ జేబులోనే ఉంది, సంతకం రానివాడి జేబులో పెన్నులాగా.

కాళ్ళు కదలకూడదు గానీ చెవులు ఎక్కడికైనా పోవచ్చు కదా, అవి వెనక గదిలోనే తిరుగుతున్నాయి. కిర్రుమని చిన్న చప్పుడు, అది ప్లయరు వైరు తొడుగుని చుట్టూ కొరికిన చప్పుడు, లోపలి రాగికి పన్ను తగలకుండా కొరకాలి, తగిలి గాటు పడితే ఆ తీగ ఇవాళ బాగానే ఉంటుంది, రేపూ బాగానే ఉంటుంది, ఎండాకాలంలో ఫ్యాన్లూ కూలర్లూ అన్నీ ఒక్కసారి వేసుకున్న రోజున సరిగ్గా అక్కడే ఎర్రబడుతుంది. తగల్లేదు. తగిలితే చప్పుడు వేరుగా ఉంటుంది, ఆ తేడా ఆవిడకి నేర్పింది ఎవరు, ఇతనే. ఇప్పుడు రెండు కొసలూ పక్కపక్కన పెట్టి ప్లయరుతో మెలిపెడుతోంది, వేళ్ళతో కాదు, వేళ్ళతో మెలిపెట్టేవాడు జడలు వేసుకోవాలి గానీ వైర్లు ముట్టుకోకూడదు, ఈ ఇంటి జాయింటు ఎవడో వేళ్ళతో మెలిపెట్టి, అట్టపెట్టెలకి అంటించే టేపు ఒక్క చుట్టు చుట్టి, బాక్సులో కూడా పెట్టకుండా గోడ పైపులోకి తోసేసి, పైన సున్నం కొట్టి డబ్బులు తీసుకుని పోయాడు, గదిలో కాలిన వాసన వస్తోందని ఇల్లావిడ నాలుగిళ్ళ వాళ్ళని పిలిచి వాసన చూపించాక గానీ సంగతి తెలియలేదు. ఇప్పుడు లాగి చూస్తోంది. నిచ్చెన కాస్త కిర్రుమంది కదా, అది లాగినందుకే. వేసిన ప్రతి జాయింటునీ శత్రువుది అనుకుని లాగు, రాలేదా, అప్పుడు నీది అనుకో, అని చెప్పింది ఎవరు. అదీ ఇతనే. మాటలన్నీ ఇతనివి, చేతులు ఆవిడవి. పేరు కూడా ఆవిడదే.

పేరంటే మామూలు పేరా. వీధుల్లో ఎవరింట్లో దీపం మినుకుమన్నా “అక్కని పిలవండి” అంటున్నారు. ఒకప్పుడు “టెస్టర్ అన్న ఉన్నాడా” అని తలుపు కొట్టినవాళ్ళే, ఇప్పుడు అతను తలుపు తీస్తే అతని భుజం మీదుగా లోపలికి చూస్తారు. పొద్దున ఈ ఇల్లావిడా అంతే, కుర్చీ అతని పెళ్ళానికి వేసింది, ఇతన్ని నిలబెట్టే అడిగింది, “ఆ ఒక్క గదికీ కరెంటు తీసేస్తే సరిపోదా అన్నా? మామయ్యగారు ఫ్యాన్ లేకపోతే ఉడికిపోతారు,” అని. వచ్చింది అవకాశం అనుకున్నాడు. “సరిపోదమ్మా, మెయినే దించాలి, పక్కన మనిషి నిలబడాలి, ప్రాణంతో పని,” అన్నాడు, పెద్ద డాక్టరు చెప్పినట్టు గొంతు బరువు చేసి. పెళ్ళాం ఒక్క మాట అనలేదు, అటు గోడకేసి చూస్తూ ఊరుకుంది. ఆ ఊరుకోవడమే అతనికి ఒళ్ళుమంట. పనిలో దిగాక ఆవిడ ప్రతిదానికీ ఊరుకుంటుంది. మెయినే తియ్యాలని ఇతనంటే అవుననదు, కాదనదు. ఇతను దించుతాడు, నిలబడతాడు. ఆ పెద్దాయన, ఇల్లావిడ మామగారు, హాల్లో పడకకుర్చీలో కూర్చుని బనీను గుండెల దాకా ఎత్తుకుని న్యూస్‌పేపర్‌తో విసురుకుంటున్నాడు, చెవుడట, ఇందాకట్నుంచి ఇతనికేసీ కదలని ఫ్యానుకేసీ మార్చి మార్చి చూస్తున్నాడు, ఫ్యాను ఆపింది ఇతనేనని ఆయనకి అర్థమైపోయింది, ఎందుకో మాత్రం అర్థం కాలేదు. చూడవయ్యా చూడు, చూపుకేం పోయింది.

ఆ రోజు కూడా ఇలాగే ఉక్క. ఆ రోజంటే ఏ రోజని అడగాల్సిన పనిలేదు, అతనికున్నది ఒకటే రోజు, మిగతావన్నీ దానికి ముందువీ వెనకవీ. సొంత ఇంట్లోనే, వంటింటి పక్క వసారాలో దీపం జాయింటు, అతను స్టూలెక్కాడు, మెయిన్ దగ్గర పెళ్ళాన్ని నిలబెట్టాడు, కదలకు అని చెప్పాడు, చెప్పాడా లేదా, చెప్పాడు. నిలబడింది. ఎంతసేపు నిలబడిందో ఎవరికీ తెలియదు. పొయ్యిమీద పాలున్నాయి. పాలు పొంగుతున్న చప్పుడు అతనికి పైకి కూడా వినపడింది, సుయ్యిమని, ఆ తర్వాత మాడు వాసన, పాల మాడు వాసనా రబ్బరు మాడు వాసనా ఒకేసారి, ఏది దేనిదో తెలిసేలోగా చెయ్యి తనది కాకుండా పోయింది. పాలు దించడానికి నాలుగడుగులు వేసింది మహాతల్లి. ఆ సందులో మిక్సీ తిరగడం లేదని అతని అక్క వచ్చి పిడి ఎత్తింది. అక్కని ఏమంటాడు, అక్కకి తెలియదు. తెలిసిన మనిషి పెళ్ళాం. అప్పట్నుంచీ ఎవరు చెయ్యి చూసి అయ్యో అన్నా అతను చెప్పే మాట ఒకటే, “పాలకోసం వెళ్ళిందండీ మా ఆవిడ,” అని, నవ్వుతూనే చెబుతాడు, ఆవిడ వింటూ ఉండగా చెబుతాడు, బంధువుల మధ్య, డాక్టరు ముందు, కూరగాయలు కొనేచోట కూడా. చెప్పినప్పుడల్లా ఆవిడ తల దించుకుంటుంది. అలా దించుకున్నప్పుడు అతనికి చల్లగా ఉంటుంది, దాచుకోవడం దేనికి, నిజంగానే చల్లగా ఉంటుంది. ఆ ఇంట్లో ఇప్పటికీ పాలు కాచేది అతనే. ఆవిడ పొయ్యి దగ్గరకి వచ్చి పాలగిన్నె చూసి వెనక్కి వెళ్ళిపోతుంది.

నేర్పడం మొదలుపెట్టింది జాలితోనా కోపంతోనా అని ఎవరూ అడగలేదు. తిండి కావాలి, చెయ్యి లేదు, అంతే. మంచం మీద కూర్చుని, ఎదురుగా పాత తలుపు చెక్క పడేసి, దానిమీద బాక్సులు కొట్టించి, తుక్కు వైర్లు ఇచ్చి, వెయ్యి అన్నాడు. వేసింది. పళ్ళతో పట్టుకుని లాగాడు, ఊడొచ్చింది, ఆవిడ మొహాన కొట్టాడు వైరు ముక్కని, గట్టిగా కాదు, కొట్టాడు మాత్రం. మళ్ళీ వెయ్యి. అన్నీ ఒక్కచోటే జాయింట్లు వేస్తావేంటే, ఒకదాని పక్కన ఒకటి వస్తే తొడుగు ఊడినప్పుడు ముద్దులు పెట్టుకుంటాయి, ఎగుడుదిగుడుగా వెయ్యి. టేపు రాగి మీద మొదలెట్టకు, తొడుగు మీద మొదలెట్టు, చుట్టుమీద సగం చుట్టు ఎక్కించు, తొడుగు మీదకే తెచ్చి ముగించు. మెత్తటి వైరునీ బిరుసు వైరునీ కలిపేటప్పుడు మెత్తటిదాన్ని ముందుకు జరిపి పెట్టు, లేకపోతే అది దాక్కుంటుంది. ఎన్ని తిట్లు తిట్టాడో గుర్తులేదు, ఆవిడకి గుర్తుండే ఉంటుంది. ఏడ్వలేదు. ఏడ్చినా బాగుండేది. ఒకరోజు పళ్ళతో లాగితే రాలేదు, మళ్ళీ లాగాడు, పన్ను నొప్పెట్టింది గానీ రాలేదు. చూస్తే అచ్చం అతని జాయింటే, అతని మెలికే, కొస తుంచిన తీరు కూడా అతనిదే. ఆ రాత్రి అన్నం సహించలేదు. చనిపోయినవాడి చొక్కా ఇంకొకడికి సరిగ్గా సరిపోతే ఇంట్లోవాళ్ళకి ఎలా ఉంటుందో అలా ఉంది, ఇక్కడ పోయినవాడూ తనే చూస్తున్నవాడూ తనే. ఇప్పుడైతే ఆవిడ మెలిపెట్టడం కూడా తగ్గించింది, ఎక్కడో చూసి ప్లాస్టిక్ కనెక్టర్లు తెచ్చింది, రెండు కొసలూ లోపలికి దోపి మరలు బిగించడమే, చిన్నపిల్లల ఆట. “ఇదేం జాయింటే?” అన్నాడు. “లాగి చూడండి,” అంది. లాగలేదు. వస్తుందేమోనని కాదు, రాదేమోనని లాగలేదు.

ఇంకొక చప్పుడు, కనెక్టరు మర బిగుస్తోంది. సగం పని అయింది. ఇల్లావిడ అటూ ఇటూ తిరుగుతూ, చీకటిగా ఉందని వంటింటి కిటికీ తలుపులు బార్లా తీసింది. ఆవిడకేం, కరెంటొస్తే చాలు. ఎవరికైనా అంతే, గోడలో ఏముందో ఎవరికీ అక్కర్లేదు, స్విచ్చి నొక్కితే వెలగాలి. పెళ్ళాం మాత్రం ప్రతి ఇంట్లోనూ రాగానే ముందు ఈ బోర్డు దగ్గరకే వస్తుంది, పక్కనున్న ఫ్యూజుల డబ్బా మూత తెరుస్తుంది, ఇతనికి వీపు పెట్టి కాసేపు అలాగే నిలబడుతుంది, మూత వేసేస్తుంది. దండం పెట్టుకుంటోందేమో అనుకున్నాడు మొదట్లో. “ఏం చూశావే అందులో?” అంటే “ఊరికే,” అంటుంది. ఊరికేనట. తనకన్నీ తెలుసని ఆ ఇంటివాళ్ళకి చూపించుకోవడం కాకపోతే ఏంటి. ఆవిడ పనికి వేసుకునే ఆ ఖాకీ చొక్కా ఒకటి, మగవాళ్ళ చొక్కా, దాని కింది జేబులు ఎప్పుడూ బరువుగా వేలాడుతూ ఉంటాయి, ఏం కుక్కుకుంటుందో, మరలు, టేపు, మందుబిళ్ళలు, అన్నీ అందులోనే. మూత వేశాక ఇతనికేసి తిరిగి “ఇక తీసెయ్యండి,” అంటుంది మర్యాదగా. ఇతను పిడి దించుతాడు. ఏ ఇంట్లోనైనా ఆ దించేటప్పుడు వచ్చే ఠక్కుమనే చప్పుడు ఒక్కటే ఇతని సొంతం. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఎవరింట్లోనో గుర్తులేదు, ఆవిడ లోపల ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతూ జాయింటు వేస్తుంటే, ఈ పిడిని కాస్త ఎత్తితే అని ఒక ఆలోచన వచ్చింది, ఎక్కడ్నుంచి వచ్చిందో, ఎవరిదో, తనది కాదు, తనదే, నాలుక కొరుక్కున్నాడు, రక్తం ఉప్పగా తగిలింది, ఆ రోజంతా ఆవిడతో మాట్లాడలేకపోయాడు. ఎత్తలేదు కదా. అదే ఇతని గొప్ప. ఎన్ని ఇళ్ళు, ఎన్ని మెయిన్లు, ఎంత కడుపుమంట, అయినా ఒక్కనాడూ ఎత్తలేదు, ఒక్కనాడూ కదలలేదు. పాలు పొంగినా ఇల్లు పొంగినా కదలలేదు. ఆవిడ చెయ్యలేనిది ఏదైనా ఉందంటే ఇదొక్కటే, ఇది మాత్రం అతను చేసి చూపిస్తున్నాడు, ఆవిడ చూస్తోందో లేదో గానీ.

“అన్నా, టీ,” అంది ఇల్లావిడ. హాలు చివర భోజనాల బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఇక్కడికి తెచ్చి ఇవ్వొచ్చు కదా, ఇవ్వదు, నిలబడ్డవాడు నడవలేడా అనుకుని ఉంటుంది. వద్దనుకున్నాడు. ఎడంచెయ్యి పిడిమీద, కుడిచేతితో కప్పు పట్టుకోలేడు, పట్టుకున్నా వణికి ఒలికిపోతుంది, టీ తాగాలంటే బల్ల దగ్గర కూర్చోవాలి, మోచెయ్యి ఆనించాలి, చంటిపిల్లాడిలా మొహం కప్పు దగ్గరకి తీసుకెళ్ళాలి. పొద్దుట్నుంచి ఏమీ తాగలేదు. అల్లంత దూరం నుంచే ఆవిరి కనపడుతోంది. మీగడ కడుతుంది ఇంకాసేపుంటే, మీగడ కట్టిన టీ అంటే అసహ్యం, పాలు కాచినప్పుడల్లా ఆ మీగడ. పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు, పేపరు గుండెల మీద పడింది, నిద్రే. వీధి తలుపు గడియ వేసి ఉంది. ఇల్లావిడ పెరట్లో ఉంది, బకెట్టు చప్పుడు వినపడుతోంది. ఎవరొస్తారు, ఎవరూ రారు. ఒక్క గుక్క. పిడిమీద చెయ్యి తీశాడు, మళ్ళీ పెట్టాడు, తీశాడు. నడిచాడు. కూర్చున్నాడు. వేడిగా, తియ్యగా, గొంతులోంచి దిగుతుంటే కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి, ఎంత బాగుందో, ఎవరు పెట్టారో గానీ టీ అంటే ఇలా ఉండాలి, ఇంకొక్క గుక్క, ఇంకొక్కటి, చల్లగా కూడా ఉంది, మెడమీద చెమట ఆరుతోంది, గాలి, ఎక్కడిదీ గాలి.

తలెత్తాడు. ఫ్యాను తిరుగుతోంది.

నెమ్మదిగా, ఒక్కో రెక్కా కనపడుతూ, ఆ తర్వాత కనపడకుండా తిరుగుతోంది. వంటింట్లో ఫ్రిజ్ గుర్రుమంది. మెయిన్ దగ్గర పెద్దాయన, బనీను ఇంకా గుండెల మీదే ఉంది, చెయ్యి ఇంకా పిడిమీదే ఉంది, ఇంత చిన్న పని చెయ్యడానికి ఇంతమందా అన్నట్టు ఇతనికేసి చూసి బోసిగా నవ్వాడు. కప్పు పడింది, పగిలిందో లేదో తెలియదు, కుర్చీ పడింది, ఏదో అరిచాడు, పేరు పెట్టి అరిచాడు, పెళ్ళైన కొత్తలో తప్ప పిలవని పేరు, అది నోట్లో ఉందని కూడా తెలియదు. మెయిన్ దగ్గరకి పరిగెత్తాలి, అటు కాదు ఇటు పరిగెత్తాడు, కాళ్ళు ఎటు తీసుకెళ్తే అటు, హాలు ఇంత పొడుగని ఇందాక తెలియలేదు, మాడు వాసన వస్తుంది ఇప్పుడు, వస్తుంది, పాలదా రబ్బరుదా, ఎందుకు తాగాడు, ఎందుకు లేచాడు, టీ లేకుండా చచ్చేవాడా, నాలుగడుగులు, నాలుగే నాలుగడుగులు, ఆవిడా నాలుగే వేసింది. గది గుమ్మం తగిలి భుజం మండింది. ఏ వాసనా లేదు.

ఆవిడ నిచ్చెన మీదే ఉంది. రెండు చేతుల్లోనూ రెండు కొసలు, ఒట్టి రాగి, మెరుస్తోంది. కిందికి చూసింది.

“ఏమైందండీ? ఎందుకలా అరిచారు?”

“కరెంటు,” అన్నాడు. ఊపిరి అందలేదు. “మెయినెత్తేశాడు ముసలాయన. ఫ్యాన్ తిరుగుతోంది. వదిలెయ్. వదిలెయ్యవే ముందు.”

“ఓ, వేశారా,” అంది. అంతే. ఒక కొస వదిలి, చొక్కా కింది జేబులో చెయ్యి పెట్టి, తెల్లటి పింగాణీ ఫ్యూజు పైకి తీసి చూపించింది. “ఈ గదిది నా దగ్గరే ఉంది లెండి.”

అతను ఆ ఫ్యూజుకేసి చూశాడు. అరచేతిలో ఇమిడే తెల్ల ముక్క, అది డబ్బాలో లేకపోతే మెయిన్ ఎత్తినా ఈ గదికి కరెంటు రాదు. దాని వెనక ఒకదాని తర్వాత ఒకటి ఇళ్ళు, ఫ్యూజుల డబ్బాలు, తెరుచుకున్న మూతలు, ఆవిడ వీపు, ఊరికే అన్న మాట, బరువుగా వేలాడిన జేబు. ఎండల్లో, చెమటల్లో, కాళ్ళు పీకుతున్నా కదలకుండా నిలబడ్డ మెయిన్లన్నీ. దాన్ని ఎత్తలేదు అని తనలో తనే మురిసిపోయిన ఆ ఒక్కటి కూడా. ఎత్తినా ఏమీ అయ్యుండేది కాదు. ఆ సంగతి తెలిసినందుకు సంతోషించాలో సిగ్గుపడాలో తెలియలేదు.

“ఎప్పట్నుంచి?” అని అడిగాడు.

“మొదటి ఇంటినుంచే.”

“అంటే నేను నిలబడనని...”

“మిమ్మల్ననడం లేదండీ. ఎవరైనా కదుల్తారు. ఆ రోజు నేను కదల్లేదా?”

దెప్పినట్టు అని ఉంటే బాగుండేది. దెప్పిపొడుపుకి జవాబుంది అతని దగ్గర, ఏళ్ళ తరబడి నూరి పెట్టుకున్నవి ఎన్నో ఉన్నాయి. ఆవిడ మామూలుగా అంది, జాయింటు ఎలా వెయ్యాలో చెప్పినట్టు అంది, అంటూ అతని చొక్కామీద ఒలికిన టీ మరక చూసింది, చూసి ఏమీ అనలేదు. ఆవిడ ఊరుకోవడం ఇన్నాళ్ళూ పొగరనుకున్నాడు. ఈ మరక సంగతి ఆవిడ డాక్టరు ముందు చెప్పదు, బంధువుల్లో నవ్వుతూ చెప్పదు, కూరగాయల దగ్గర అసలే చెప్పదు. చెప్పదని అతనికి తెలుసు, ఇక జీవితాంతం చెప్పదు, అదే ఇప్పుడు మోయాలి.

ఆవిడ ఫ్యూజుని జేబులో వేసుకుంది. వదిలిన కొస మళ్ళీ పట్టుకుంది. పని మధ్యలో ఆపడం ఆవిడకి ఇష్టముండదు.

“ఇంకొక్క జాయింటుంది,” అంది. “వెళ్ళి నిలబడండి.”

వెళ్ళాడు. ఇల్లావిడ నేలమీద పెంకులు ఏరుతోంది. పెద్దాయన ఫ్యాను కింద మళ్ళీ పడకకుర్చీలో చేరి, బనీను కిందికి లాక్కుని, ఈసారి నిజంగానే నిద్రపోయాడు. మెయిన్ పిడి పైకే ఉంది. దించబోయి ఆగాడు, పెద్దాయనకేసి చూశాడు, దించలేదు. ఎడంచెయ్యి తెచ్చి దానిమీద పెట్టుకుని, గొడుగుల పక్కన, ఎప్పటిలాగే నిలబడ్డాడు. వెనక గదిలో ప్లయరు కిర్రుమంది.

“కరెంటొచ్చేసింది కదన్నా,” అంది ఇల్లావిడ తలెత్తి. “ఇంకా అక్కడ నిలబడ్డం ఎందుకు?”

“నిలబడాలమ్మా,” అన్నాడు టెస్టర్. “ప్రాణంతో పని.”